కిలో పెరిగితే నీరా, కొవ్వా?

‘గుండె పంపింగ్ తగ్గింది’ అని డాక్టరు చెప్పిన ఇంట్లో మొదటి వారమంతా మందుల చుట్టూనే గడిచిపోతుంది. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి, ఏది తిన్నాక? ఈ హడావిడిలో డిశ్చార్జి కాయితం చివరనున్న చిన్న వాక్యం ఎవరి కంటా పడదు: రోజూ బరువు చూసుకోవాలి. ఒకవేళ పడినా, లావు తగ్గమని అందరికీ చెప్పే మామూలు సలహానే అనుకుని వదిలేస్తారు. మీ ఇంట్లోనూ అంతేనా?

గుంటూరులో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉన్నారనుకుందాం. ఆస్పత్రిలో ఒంట్లో నీరంతా దిగాక 64 కిలోల బరువుతో ఇంటికొచ్చారు. నాలుగో రోజుకి 65 అయ్యారు, ఆరో రోజుకి అరవై ఆరున్నర. “ఇంటి తిండి వంటబట్టింది నాన్నా, మొహంలో కళొచ్చింది” అని కూతురు సంబరపడింది. ఎనిమిదో రాత్రి ఆయన వెల్లకిలా పడుకోలేకపోయారు. కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ ఆయాసపడ్డారు. మళ్ళీ అంబులెన్సు, మళ్ళీ ఐసీయూ. ఆ రెండున్నర కిలోలూ తిండి వల్ల వచ్చినవి కావు. ఒంట్లో చేరిన నీరు.

ఇలా గుండె నీరసపడిన, అంటే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారికి బరువు మెషీన్ మీద కనిపించేది ఒకే అంకె అయినా, దాని వెనక మూడు లెక్కలుంటాయి. నీరు రోజుల్లో పెరుగుతుంది. కొవ్వు నెలల్లో పెరుగుతుంది. కండ నెలల తరబడి చప్పుడు లేకుండా కరిగిపోతుంది. ఏది ఎంత వేగంగా మారుతుందో తెలిస్తే, ఏ అంకెకి కంగారు పడాలో, దేనికి అక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

చిన్న లెక్క చూడండి. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలి. రాత్రికి రాత్రి కిలోన్నర కొవ్వు పెరగాలంటే 11 వేల క్యాలరీలకు పైనే కావాలి. పెళ్ళి భోజనం రెండుసార్లు చేసినా అంత కాదు. మరి నీరు? ఆస్పత్రిలో ఎక్కించే మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. శరీరం తన ద్రవాలను దాదాపు ఆ ఉప్పదనంలోనే ఉంచుకుంటుంది. అంటే బయటికి పోవలసిన 9 గ్రాముల ఉప్పు లోపలే ఉండిపోతే, తనతోపాటు దాదాపు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. లీటరు నీరంటే కిలో బరువు. గుండె నీరసపడినప్పుడు కిడ్నీలు చేసేది సరిగ్గా ఈ పనే, ఉప్పునీ నీటినీ వదలకుండా దాచుకోవడం.

మంచి సంగతి ఏమిటంటే, ఇదంతా ఒక్క రాత్రిలో ముంచుకొచ్చేది కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ సర్వత్ చౌధరి బృందం 2007లో ‘సర్క్యులేషన్’ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించింది. హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి ఆస్పత్రిలో చేరినవారి బరువు, చేరడానికి కనీసం వారం ముందు నుంచే పెరగడం మొదలైందని అందులో తేలింది. ఆ వారం మీ చేతిలో ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలో చూద్దాం.

1. మీ ‘పొడి బరువు’ ఎంతో రాసిపెట్టుకోండి

కాళ్ళ వాపు లేకుండా, పడుకుంటే ఆయాసం రాకుండా, ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును డాక్టర్లు డ్రై వెయిట్ అంటారు. సాధారణంగా డిశ్చార్జి నాటి బరువు దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే ఆస్పత్రి మెషీనూ మీ ఇంటి మెషీనూ ఒకే అంకె చూపిస్తాయన్న నమ్మకం లేదు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మీ మెషీన్ మీద చూసుకుని, ఆ అంకెనే మొదటి గుర్తుగా పెట్టుకోండి. తర్వాతి రోజుల్లో పోల్చుకోవలసింది దానితోనే. కొన్ని నెలలు గడిచాక ఈ అంకె మారవచ్చు. కాబట్టి చూపించుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ, “నా పొడి బరువు ఇప్పుడెంత అనుకోవాలి?” అని అడగండి.

2. వేళ, మెషీను, బట్టలు మార్చకండి

పొద్దున లేచి, బాత్రూంకి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, పలచటి బట్టలతో చూసుకోవాలి. మెషీను గట్టి బండల మీద ఉండాలి. చాప మీదో, పరుపు పక్కనున్న తివాచీ మీదో పెడితే అంకె మారిపోతుంది. నిలబడితే తూలేవారి పక్కన ఒకరు ఉండాలి, కానీ చెయ్యి ఆనించకూడదు.

రాసుకోవడానికి ప్రత్యేకంగా యాప్ ఏమీ అక్కర్లేదు. పాల లెక్కా, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండరే చాలు. తేదీ గడిలో బరువు రాయండి. ఆయాసం ఉంటే ‘ఆ’ అనీ, వాపు ఉంటే ‘వా’ అనీ పక్కన గుర్తు పెట్టండి. రెండు నిమిషాల పని.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళేవారికి ఇంకో చిక్కుంది. అక్కడి మెషీన్లు ఎక్కువగా పౌండ్లలో చూపిస్తాయి, ఇక్కడి డాక్టరు చీటీ కిలోల్లో ఉంటుంది. కిలో అంటే 2.2 పౌండ్లు. వెళ్ళిన మొదటి రోజే మెషీన్‌ని కిలోల్లోకి మార్పించుకోండి. అది కుదరకపోతే మీ పొడి బరువును పౌండ్లలో లెక్కకట్టి గోడకి అతికించండి.

3. ఏ అంకె దాటితే ఫోన్ చెయ్యాలో ముందే తేల్చుకోండి

అమెరికా వైద్యులు చెప్పే గుర్తు: ఒక్క రోజులో కిలో నుంచి కిలోన్నర దాకా, లేదా వారంలో రెండు కిలోలకు పైగా పెరగడం. యూరప్ వైద్యులు మూడు రోజుల్లో రెండు కిలోలు దాటడాన్ని గుర్తుగా తీసుకుంటారు. మీ ఒంటి తీరునిబట్టి మీ డాక్టరు ఇంకో అంకె చెప్పవచ్చు. ఏదైనా సరే, ఆ అంకెను క్యాలెండర్ పైన ఎర్ర సిరాతో రాయించుకోండి. గీత దాటిన రోజే ఆస్పత్రికి ఫోన్ వెళ్ళాలి. “వచ్చే గురువారం చెకప్ ఉందిగా, అప్పుడే చెబుదాం” అని ఊరుకుంటే ఆ వారం చేజారిపోతుంది.

రాసుకున్నంత మాత్రాన పని అయిపోయినట్టేనా? ఆ చౌధరి బృందమే 1,653 మందితో ఇంకో పెద్ద ప్రయోగం చేసి 2010లో ఫలితాలు వెల్లడించింది. సగం మంది రోజూ ఫోన్‌లో ఒక ఆటోమేటిక్ వ్యవస్థకి తమ బరువు, లక్షణాలు చెప్పారు. మామూలు వైద్యం అందుకున్న మిగతా సగంతో పోలిస్తే వీళ్ళలో ఆస్పత్రి చేరికలు గానీ, మరణాలు గానీ తగ్గలేదు. అంకెలు ఎక్కడో పోగుపడడం వేరు, అంకె చూసిన రోజే ఒకరు కదలడం వేరు. అందుకే ఇంట్లో ఒకరికి ఈ బాధ్యత పేరు పెట్టి అప్పగించండి. “పొద్దున బరువు చూశారా అత్తయ్యా?” అని కోడలు అడిగే ఒక్క ప్రశ్న, ఖరీదైన మెషీన్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

బరువు కదలకపోయినా కొందరిలో నీరు చేరుతుంది. రాత్రి ఒక దిండు బదులు మూడు కావలసి రావడం, నిద్రలో ఉక్కిరిబిక్కిరై లేవడం, చీలమండ దగ్గర నొక్కితే గుంట పడడం, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం, చెప్పుల పట్టీ బిగుసుకోవడం. ఇవి కనిపిస్తే మెషీన్ ఏమన్నా సరే, ఫోన్ చెయ్యండి.

4. ఉప్పు డబ్బాని కాదు, కంచాన్ని చూడండి

“మా ఇంట్లో ఉప్పు చాలా తక్కువండీ” అని దాదాపు ప్రతివారూ అంటారు. నిజమే కావచ్చు. కూరలో తగ్గించే ఉంటారు. కానీ ఒక రోజు కంచం చూడండి. పొద్దున ఇడ్లీతో కారప్పొడి, మధ్యాహ్నం పప్పులోకి ఆవకాయ, నంజుకోవడానికి అప్పడమో ఊరమిరపకాయో, సాయంత్రం మిక్చరు, రాత్రి పెరుగన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ. కూరలో తగ్గించిన ఉప్పంతా అంచు నుంచి తిరిగొచ్చింది.

పెద్దలు రోజుకి 5 గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 గ్రాములంటే ఒక చిన్న చెంచా, సోడియంగా లెక్కేస్తే 2,000 మిల్లీగ్రాములు. చెంచా వంటసోడాలోనే 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. బజ్జీల పిండిలో పడేది, గ్యాస్ పట్టేసిందని నీళ్ళలో కలిపి పొంగగానే తాగేది కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఎండు చేపలు, వడియాలు, చిప్స్, సాస్‌లు, కారా బూందీ కూడా అంతే.

అలాగని ఉప్పే లేకుండా తినాలా? అక్కర్లేదు. ఆరు దేశాల్లో 806 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులతో సోడియం–హెచ్ఎఫ్ అనే ప్రయోగం జరిగింది. 2022లో ‘లాన్సెట్’ దాన్ని ప్రచురించింది. సోడియంని రోజుకి 1,500 మిల్లీగ్రాముల లోపుకి కుదించమన్న బృందంలో మరణాలు, ఆస్పత్రి చేరికలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అతిగా నోరు కట్టుకోవడం కంటే, ఎక్కువ ఉప్పు దాక్కున్నచోటు కనిపెట్టి తీసెయ్యడమే తెలివైన దారి. ఎలా?

మొదట ఊరగాయ జాడీని భోజనాల బల్ల మీంచి అలమరలోకి మార్చండి. రోజువారీ తిండి నుంచి పండగ తిండిగా మారిస్తే సగం పని అయినట్టే. వంటలో ఉప్పు తగ్గించిన మేరకు చింతపండు, నిమ్మరసం, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి పెంచండి. పులుపూ కారమూ మన వంటకి కొత్త కాదు కాబట్టి, ఈ మార్పు మనకి ఇతరులకంటే సులువు. ఇంకో ముఖ్యమైన మాట. రోగి ఒక్కరికే చప్పిడి కూడు వేరుగా వండకండి. ఎదురుగా అందరూ గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే ఆయన ఎన్నాళ్ళు ఆగగలరు? ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేసి, ఉప్పు కావాలనుకునేవారు తమ కంచంలో వేసుకోవాలి.

సైంధవ లవణమైతే ఫర్వాలేదనుకుంటారు. అందులోనూ ప్రధానంగా ఉండేది అదే సోడియం క్లోరైడ్. ‘లో సోడియం’ అని అమ్మే ఉప్పుతో వేరే ప్రమాదం ఉంది. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. గుండెకి వాడే కొన్ని మందులు, ముఖ్యంగా స్పైరోనోలాక్టోన్, ఒంట్లో పొటాషియంని పెంచుతాయి. కిడ్నీలు కూడా నీరసంగా ఉంటే ఆ పెరుగుదల గుండె లయనే దెబ్బతీయవచ్చు. డాక్టరుని అడగకుండా ఆ ప్యాకెట్ కొనకండి. కొబ్బరి నీళ్ళలోనూ పొటాషియం ఉంటుంది కాబట్టి, రోజూ కొబ్బరి బోండాం తాగే అలవాటున్నవారు ఆ సంగతి కూడా చెప్పాలి.

5. నీళ్ళకి కొలత మీ డాక్టరుదే, వాట్సాప్‌ది కాదు

రోజుకి నాలుగు లీటర్లు తాగితే ఒళ్ళు శుభ్రపడుతుందన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అది మీకోసం రాసింది కాదు. అలాగని నాలుక పిడచకట్టుకుపోయేలా మానెయ్యడమూ తప్పే. నెదర్లాండ్స్‌లో 504 మంది మీద చేసిన ఫ్రెష్–అప్ ప్రయోగం 2025లో వెలువడింది. పరిస్థితి నిలకడగా ఉన్నవారిని రోజుకి లీటరున్నరకే కట్టడి చేసినందువల్ల ప్రత్యేకమైన మేలేమీ కనిపించలేదు, దాహం బాధ మాత్రం పెరిగింది. అయితే నీరు పట్టి ఆస్పత్రికి వెళ్ళొచ్చినవారికి, రక్తంలో సోడియం తగ్గినవారికి డాక్టరు కచ్చితమైన కొలత చెప్పవచ్చు. చెబితే ఒక సీసాని కొలతగా పెట్టుకోండి. కాఫీ, మజ్జిగ, చారు, పళ్ళరసం కూడా అందులోకే వస్తాయని మర్చిపోవద్దు.

ఎండాకాలంలో లెక్క తిరగబడుతుంది. చెమటలు, వాంతులు, విరేచనాల వల్ల బరువు ఒక్కసారిగా రెండు కిలోలు పడిపోయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగితే? అదీ ఫోన్ చెయ్యవలసిన రోజే. ఒంట్లో నీరు దించే ‘నీటి మాత్ర’, మరికొన్ని మందుల మోతాదు కొన్నాళ్ళు తగ్గించవలసి రావచ్చు.

6. నీటి మాత్రతో బేరాలొద్దు

విజయవాడ నుంచి పెళ్ళికని రాజమండ్రికి బస్సులో వెళ్ళే ఒక ఆవిడ ఉన్నారనుకోండి. దారిలో బాత్రూం దొరకదని ఆవేళ నీటి మాత్ర మానేస్తారు. పెళ్ళిలో పులిహోర, అప్పడం, ఊరగాయ. మర్నాడు అలసటతో మళ్ళీ మర్చిపోతారు. మూడో రోజుకి కాళ్ళు వాస్తాయి. ఇందులో ఏ ఒక్కటీ పెద్ద తప్పులా కనిపించదు, మూడూ కలిసే ఆ పని చేశాయి. ప్రయాణం రోజున మాత్ర మానెయ్యకండి. ఊరు చేరాక వేసుకోవచ్చేమో డాక్టరుని ముందే అడగండి. దాని పని వేసుకున్నాక కొన్ని గంటలపాటు గట్టిగా సాగుతుంది కాబట్టి, చాలామందికి వేళ మార్చుకునే వీలుంటుంది.

నీరు దించే మాత్రలున్నట్టే, నీరు పట్టించే మందులూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపేస్తాయి. ఊళ్ళో ఆర్ఎంపీ చేసే నొప్పి ఇంజెక్షన్లూ తరచూ ఆ జాతివే. షుగర్‌కి వాడే పియోగ్లిటజోన్ హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారికి పనికిరాదు. స్టెరాయిడ్లతోనూ జాగ్రత్త. బరువు ఉన్నట్టుండి పెరిగితే, ఈ వారం కొత్తగా ఏ మందు ఒంట్లోకి వెళ్ళిందో ముందు గుర్తు తెచ్చుకోండి.

7. నీరు సర్దుకున్నాకే కొవ్వు సంగతి

ఇప్పుడు నిజంగా లావు తగ్గించే విషయం. పొడి బరువు కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే దీనికి దిగాలి. లావుగా ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ రోగులే ఎక్కువకాలం బతుకుతారన్న మాట వైద్యుల్లోనూ చాలాకాలం వినిపించింది. 8,399 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల వివరాలను 2023లో మళ్ళీ పరిశీలిస్తే, బీఎంఐ (ఎత్తునిబట్టి వేసే బరువు లెక్క) బదులు నడుము చుట్టుకొలతని ఎత్తుతో పోల్చి చూసినప్పుడు ఆ లాభం మాయమైంది. టేపు తీసుకుని చూడండి. నడుము మీ ఎత్తులో సగం దాటిందా? అయితే తగ్గించుకోవడం గురించి మాట్లాడవచ్చు.

తిండి, నడక రెండూ కలిస్తేనే బలం. అమెరికాలో లావుగా ఉండి, పంపింగ్ బాగానే ఉన్నా గుండె బిరుసెక్కడం వల్ల ఆయాసపడే 100 మంది పెద్దవాళ్ళతో 20 వారాల ప్రయోగం జరిగింది. 2016లో ఫలితాలొచ్చాయి. తిండి తగ్గించినవారు 7 శాతం, వ్యాయామం చేసినవారు 3 శాతం, రెండూ చేసినవారు 10 శాతం బరువు తగ్గారు. శ్రమని తట్టుకునే శక్తి అందరికన్నా రెండూ చేసినవారిలోనే బాగా పెరిగింది.

మీరు చేయగలిగింది: కంచంలో అన్నం ఒక హస్తం తగ్గించి పప్పు, గుడ్డు, చేప, కూర పెంచండి. డాక్టరు సరేనన్నాక రోజూ పది నిమిషాలు నడవడం మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే తగ్గించండి.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతారు. బీఎంఐ 30 దాటి, పంపింగ్ బాగానే ఉన్న 529 మందిలో సెమాగ్లుటైడ్ ఏడాదిలో 13 శాతం బరువు తగ్గించి, ఆయాసాన్నీ తేలిక చేసిందని 2023లో తేలింది. పంపింగ్ బాగా పడిపోయినవారికి ఆ ఫలితాన్ని అన్వయించలేం. పక్కింటాయన వాడుతున్నాడని మీరూ మొదలుపెట్టేది కాదు.

8. తగ్గినప్పుడూ సంతోషించే ముందు ఆగండి

చాలాకాలంగా గుండె నీరసంగా ఉన్నవారిలో కండ కరిగిపోతుంటుంది. ఆరు నెలల్లో, ప్రయత్నించకుండానే బరువు 7.5 శాతానికి మించి తగ్గితే అది ప్రమాద సూచన అని స్టెఫాన్ ఆంకర్ బృందం 1997లోనే ‘లాన్సెట్’లో చూపింది. 60 కిలోల మనిషికి అది నాలుగున్నర కిలోలు.

ఇక్కడే మెషీన్ మోసం చేస్తుంది. రెండు కిలోల కండ పోయి రెండు కిలోల నీరు చేరితే అంకె మారదు. అప్పుడు బట్టల్ని అడగండి. జాకెట్టు చేతులు వదులైపోయి, లంగా బొందు మాత్రం బిగుసుకుంటోందా? చొక్కా భుజాల మీంచి జారుతూ, ప్యాంటు బొత్తాం పట్టడం లేదా? అదే ఆ గుర్తు. ఇలాంటివారు కార్తీక సోమవారాల ఉపవాసాలు, యూట్యూబ్ చూసి అన్నం మానేసే డైట్లు పెట్టుకోకూడదు. కడుపు త్వరగా నిండిపోతుంది కాబట్టి రోజుకి అయిదారుసార్లు కొంచెం కొంచెం తినాలి. ప్రతిసారీ పెరుగో, గుడ్డో, పప్పో ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

• వాపు కనిపించాకే బరువు చూడడం. చాలాసార్లు వాపు కంటే ముందు అంకే కదులుతుంది.
• బరువు పెరిగిందని సొంతంగా రెండు నీటి మాత్రలు వేసుకోవడం. డాక్టరు ముందే రాసిచ్చిన పద్ధతి ఉంటే తప్ప అలా చేయవద్దు.
• బాగున్నామని మెషీన్‌ని మంచం కిందికి నెట్టెయ్యడం.
• కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, నురగతో కూడిన కఫం వస్తున్నా తెల్లవారేదాకా చూద్దామనుకోవడం. ఇవి 108కి వెంటనే ఫోన్ చెయ్యవలసిన లక్షణాలు.

వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

క్యాలెండర్ కాయితాలు, వాడుతున్న మందులన్నీ, మోకాళ్ళ నొప్పి మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఈ అయిదు ప్రశ్నలూ చీటీ మీద రాసుకోండి:

• నా పొడి బరువు ఎంత?
• ఎన్ని రోజుల్లో ఎంత పెరిగితే, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి?
• పెరిగిన రోజున నీటి మాత్ర నేనే పెంచుకోవచ్చా? ఎంత, ఎన్నాళ్ళు?
• రోజుకి ఎన్ని నీళ్ళు తాగవచ్చు?
• నేను బరువు తగ్గాలా, ఇలాగే ఉండాలా, పెరగాలా?

జవాబులు అక్కడే, ఆ చీటీ మీదే రాయించుకోండి. ఇంటికెళ్ళాక మెషీన్ ఎదురుగా గోడకి అతికించండి.